పెద్దబాతు పిల్ల జబ్బు పడితే ఏం చేయాలి?

పెద్దబాతు (గూస్) పిల్లకు ఒంటరిగా ఉండటం అసలు నచ్చదు. మంద ఎటు కదిలితే అదీ అటే పరుగెడుతుంది. అందుకే మిగతావన్నీ గడ్డిలోకి వెళ్లిపోయినా ఒక్కటి వెనకే ఉండిపోయి, కళ్లు సగం మూసి, రెక్కలు వేలాడేసి కూర్చుంటే రేపు చూద్దాంలే అనుకోకండి. మూడు వారాల లోపు పిల్ల తెల్లారేసరికి చెయ్యి దాటిపోవచ్చు.

చాలామంది మొదట చేసే పని కోళ్ల కోసం కొని దాచిన యాంటీబయోటిక్ పొడిని నీళ్లలో కలపడం. దయచేసి ఆ పని చేయకండి. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాత మేత ఇవ్వాలి. మందు సంగతి డాక్టర్ చూశాకే. ఈ వరస తప్పితే మంచి మందు కూడా పనిచేయదు.

1. వెచ్చగా పెట్టండి

పిల్లను చేతిలోకి తీసుకుని కాళ్లు పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే ముందు ఒళ్లు వెచ్చబడాలి. ఒళ్లు చల్లబడిన పిల్లకు మేత అరగదు. అట్టపెట్టెలో గోనెసంచి పరిచి, ఒక మూల పైన 60 వాట్ల బల్బు వేలాడదీయండి. మొదటి వారం పిల్లకు బల్బు కింద 30 నుంచి 32 డిగ్రీలు ఉంటే చాలు. రెండో మూల చల్లగా వదలండి, వేడి ఎక్కువైతే పిల్లే అటు జరుగుతుంది. పేపర్ పరవకండి, కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పగటి పూట బల్బు అక్కర్లేదు. అప్పుడు ముక్కు తెరిచి ఎగరొప్పుతుంటే అది ఎండదెబ్బ, వెంటనే నీడకి, గాలి ఆడే చోటికి మార్చండి.

పెట్టె మిగతా పిల్లలకు దగ్గర్లోనే, అయితే వాటి నీళ్లూ రెట్టలూ తగలనంత దూరంలో ఉంచండి. వాటి గొంతు వినబడితే జబ్బు పిల్ల స్థిమితంగా ఉంటుంది. ఒక్కదాన్నే వేరే గదిలో పెడితే అరిచి అరిచి అలిసిపోతుంది.

2. నీళ్లు

ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉన్న గిన్నె కావాలి. బాతుజాతి పిల్లలు ముక్కూ కళ్లూ నీళ్లలోనే కడుక్కుంటాయి. పిల్ల పడి మునగకుండా గిన్నెలో గులకరాళ్లు వేయండి. తాగకపోతే ముక్కు కొసను నీళ్లలో ముంచి వదలండి. గొంతులో పోయకండి, నాలుక వెనకే గాలిగొట్టం ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మరీ నీరసంగా ఉంటే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేయండి. నీళ్లలో కోళ్ల ఎలక్ట్రోలైట్ పొడి కలిపితే మంచిది, లేకపోతే కొంచెం బెల్లం. జబ్బు తగ్గేదాకా ఈతకు వదలొద్దు. తల్లి దగ్గర పెరగని పిల్లల నూగు తడిసిపోయి చలి పట్టేస్తుంది.

3. కాళ్లు చూడండి

పిల్ల నాలుగు అడుగులు వేసి మడమల మీద కూలబడిపోతోందా? మేత తింటోంది, కళ్లు చురుగ్గానే ఉన్నాయి, కాళ్లు మాత్రం వంకర తిరుగుతున్నాయా? చాలాసార్లు ఇది నియాసిన్ (విటమిన్ బి3) లోపం. కోడిపిల్లలు తమకు కావలసిన నియాసిన్‌లో కొంత ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. బాతుజాతి పిల్లలకు ఆ శక్తి తక్కువ. కోడిపిల్లల దాణా, నూకలు, తవుడు మీద పెరిగే పెద్దబాతు పిల్ల కాళ్లు అందుకే పడిపోతాయి. గింజల్లో ఉన్న నియాసిన్‌లో ఎక్కువ భాగం ఒంటికి పట్టదు.

కిలో దాణాకు 50 నుంచి 75 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే రకం ఈస్ట్ పొడి) కలపండి. బ్రెడ్ చేసే ఈస్ట్ వాడకూడదు. బ్రూవర్స్ ఈస్ట్ దొరక్కపోతే మెడికల్ షాపులో నియాసిన్ మాత్ర తెచ్చి, 4 లీటర్ల నీటికి 100 నుంచి 150 మిల్లీగ్రాముల చొప్పున పొడి చేసి కలపండి. రోజూ కొత్త నీళ్లు కలుపుకోవాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు వద్దు. త్వరగా మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే నడక మెరుగుపడుతుంది. ఎముక పూర్తిగా వంగిపోయాక ఇస్తే వంకర పోదు. అందుకే జబ్బు పిల్లకు ఒక్కదానికే కాకుండా మంద మొత్తానికి ఇవ్వండి.

కీలు వాచి, తాకితే వేడిగా ఉంటే అది ఇన్ఫెక్షన్, విటమిన్‌తో తగ్గదు. పాదం కింద ముల్లు దిగిందేమో కూడా చూడండి.

4. దాణా బస్తా వాసన చూడండి

మన వానాకాలంలో ఇదే అసలు శత్రువు. మొక్కజొన్నకీ వేరుశెనగ చెక్కకీ బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయి, కారణం వెతికితే తేలింది ఈ విషమే. అది వాటికి పెట్టిన వేరుశెనగ చెక్కలో ఉంది. అప్పుడు బాతుపిల్లలూ చనిపోయాయి. కోళ్లు తట్టుకునే మోతాదు కూడా బాతుజాతి పిల్లల కాలేయాన్ని పాడు చేస్తుంది. కోళ్లు బాగానే తింటున్నాయి కదా అని పెట్టకండి. ముక్కిన వాసన వచ్చినా, ఉండలు కట్టినా ఆ బస్తా పారేయాల్సిందే. ఎండబెట్టినంత మాత్రాన విషం పోదు.

తడిసిన ఊకకీ బూజు పడుతుంది. ఆ బూజు పీల్చిన పిల్ల మెడ చాచి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఊపిరి కోసం తంటాలు పడుతుంది. ఊక వెంటనే మార్చండి.

జబ్బు పిల్లకు తడిపిన మెత్తటి దాణా, సన్నగా తరిగిన లేత గరిక, తోటకూర, ఉడికించిన గుడ్డు తురుము కొంచెం కొంచెం పెట్టండి. గడ్డి తినే పిల్లకు కాస్త సన్న ఇసుక కూడా కావాలి. పొడవాటి గడ్డి తరగకుండా వేస్తే గొంతులో ఉండకట్టుకుంటుంది. పురుగుమందు కొట్టిన గట్టు మీద గడ్డి, గుళికలు చల్లిన మడి వైపు అసలు పోనివ్వకండి. చొంగ కారుస్తూ, వణుకుతూ పడిపోయిందంటే విషం తిన్నదేమో అనుమానించి పరుగున ఆసుపత్రికి తీసుకెళ్లండి.

5. రెట్ట, రొమ్ము ఎముక

తింటున్నా రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతుంటే కడుపులో పురుగులుండొచ్చు. కందనకాయలో చేరే ఒక రకం పురుగు చిన్న పెద్దబాతులను బాగా పీల్చేస్తుంది. రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ (పేగులకు పట్టే పరాన్నజీవి జబ్బు) కావచ్చు. తాజా రెట్టను కవర్లో వేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే మైక్రోస్కోప్ కింద చూసి చెబుతారు. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి వెళ్లే ముందు పిల్లను తూకం వేయండి.

6. ఎప్పుడు ఆగకూడదు

మెడ మెలితిరగడం, మెడ నిలపలేకపోవడం, ఒకేరోజు రెండు మూడు పిల్లలు చనిపోవడం జరిగితే ఇంటి వైద్యం ఆపేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంది కదా. బాతులు ఆ వైరస్‌ను పైకి కనిపించకుండా మోయగలవు. చనిపోయిన వాటిని కోయొద్దు, కాలవలో వేయొద్దు, వట్టి చేతులతో ముట్టుకోవద్దు. డాక్టర్ చూసేదాకా ఇంట్లో చిన్నపిల్లలను అటు వెళ్లనివ్వకండి. తర్వాత డాక్టర్ చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

కోలుకున్న పిల్లను మందలో కలిపేటప్పుడు ముందు మధ్యలో వలతెర పెట్టి రెండు రోజులు చూడండి. బలహీనంగా ఉన్నదాన్ని మిగతావి పొడుస్తాయి. సాయంత్రం మేత వేళ కలిపితే గొడవ తక్కువ. అది వాడిన గోనెసంచిని కాల్చేసి, గిన్నెను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాకే మళ్లీ వాడండి.