పిల్లల చేతికి అందే రంగుల వంట

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు మొదటిసారి వంటలోకి దింపాను. పదకొండు పనులున్న వంటకం ఎంచుకోవడం నా పొరపాటు. మూడో పనికే తను బల్ల కింద ఆడుకుంటోంది. అప్పటినుంచి ఐదు పనులు దాటనివ్వను.

ముందు ఆ పనులు రాసుకుని, పక్కన ఎవరివో గుర్తు పెడతాను. కడగడం, తుంచడం, కలపడం, చల్లడం తనవి. పొయ్యి, పదునైన కత్తి నావి. నావన్నీ ముందే ముగించేస్తాను, ఎదురుచూడటం పిల్లలకు పడదు. కొలతలకు గ్రాములు వద్దు, ఒకే కప్పు, ఒకే చెంచా చాలు.

రంగుల్లో మా ఇంట్లో ఎక్కువగా నడిచేది ఊదా క్యాబేజీ. నేను సన్నగా తరిగి ఇస్తాను. తను చిటికెడు ఉప్పు వేసి రెండు చేతులతో పిసుకుతుంది, ఈ పనంటే ప్రాణం. తర్వాత నిమ్మరసం పిండాలి. చూస్తుండగానే ఊదా కాస్తా గులాబీ అయిపోతుంది! ఆకులో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగిలితే అలా మారుతుంది. వంటసోడా తగిలితే నీలం వైపు తిరుగుతుంది, కానీ అది వేరే గిన్నెలో సరదాకి చేయండి, రుచి బాగోదు. గులాబీ క్యాబేజీలో తురిమిన క్యారెట్, యాపిల్ కలిపితే సలాడ్ రెడీ.

ద్రాక్ష వేస్తే మాత్రం ఐదేళ్లలోపు పిల్లలకు గుండ్రంగా వద్దు, గొంతులో అడ్డుపడుతుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. పచ్చి గుడ్డు కలిపిన పిండిని నాకనివ్వకండి. నేల మీద ముందే పాత దుప్పటి పరిస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది.