పరాన్నజీవి ఉందో లేదో తేల్చడం: నమూనా నుంచి నివేదిక దాకా

మల పరీక్ష నివేదికలో ‘పరాన్నజీవులు కనిపించలేదు’ అని ఉంటే చాలామంది దాన్ని ‘పరాన్నజీవులు లేవు’ అని చదువుకుంటారు. ల్యాబ్‌లో కొత్తగా పనిలో చేరినవారు ముందుగా పట్టుకోవలసింది ఈ రెండింటి మధ్య తేడానే. ఏకకణ పరాన్నజీవులు రోజూ ఒకే లెక్కన బయటికి రావు; ఈరోజు స్లైడ్ నిండా కనిపించిన జియార్డియా (విరేచనాలు కలిగించే పేగు పరాన్నజీవి) రేపు ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. అందువల్ల నమూనాను ఎప్పుడు, ఎలా తీసుకున్నారో, ఎన్నిసార్లు తీసుకున్నారో తెలియనిదే నెగటివ్ ఫలితానికి విలువ కట్టలేము.

పేగుల్లోని పరాన్నజీవుల కోసం పది రోజుల లోపు, వేర్వేరు రోజుల్లో కనీసం 3 నమూనాలు తీసుకోవాలి. డబ్బా శుభ్రంగా, పొడిగా, వెడల్పు మూతితో ఉండాలి. మలంలో మూత్రం కలిస్తే కదిలే రూపాలు చచ్చిపోతాయి; మరుగుదొడ్డి నీరో మట్టో కలిస్తే బయట స్వేచ్ఛగా బతికే జీవులు చేరి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. రోగి ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడారా, ఎక్స్‌రే కోసం బేరియం తాగారా అన్నది తప్పనిసరిగా అడగాలి, ఎందుకంటే బేరియం రేణువులు స్లైడ్‌ను కప్పేస్తాయి, మందులు పరాన్నజీవుల సంఖ్యను కొంతకాలం తగ్గించేస్తాయి.

ఆ తర్వాత గడియారం చూసుకోవాలి. నీళ్ల విరేచనంలో ఎక్కువగా ఉండేవి ట్రోఫోజోయిట్‌లు, అంటే కదులుతూ మేస్తూ ఉండే రూపాలు. అవి బయటికి వచ్చాక ఎంతోసేపు నిలవవు కాబట్టి అరగంటలోపు చూడాలి. మెత్తని మలాన్ని గంటలోపు చూడాలి. గట్టి మలంలో ఉండేవి సిస్ట్‌లు, అంటే దళసరి గోడతో నిద్రాణంగా ఉండే రూపాలు, కాబట్టి ఒక రోజు ఆగినా ఫరవాలేదు. ఇంత త్వరగా చూడడం కుదరదనుకుంటే నమూనాను వెంటనే ఫార్మలిన్ వంటి నిల్వ ద్రావణంలో వేయాలే గాని, బల్ల మీద వదిలేయకూడదు. 1681లో డచ్ సూక్ష్మదర్శిని పరిశీలకుడు ల్యూవెన్‌హూక్ తన మలంలోనే కదిలే జీవులను చూసి వాటి రూపాన్ని వర్ణించారు. అవి జియార్డియాలేనని ఆ వర్ణనను బట్టి నేడు భావిస్తున్నారు. ఆయన వాటిని చూసింది మలం పలుచబడిన రోజున కావడం యాదృచ్ఛికం కాదు.

ఒక స్లైడ్ మీద ఒకవైపు 0.85 శాతం సెలైన్ చుక్క, మరోవైపు లూగాల్ అయోడిన్ చుక్క వేసి, అగ్గిపుల్ల కొనకు అంటేటంత మలాన్ని రెండింటిలోనూ కలిపి కవర్‌స్లిప్‌లు పెట్టాలి. రక్తం, జిగురు ఉన్న చోటు నుంచే మలాన్ని ఎంచుకోవాలి. స్లైడ్ కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పలుచగా పూత ఉండాలి. ముందు 10 రెట్ల లెన్స్‌తో కవర్‌స్లిప్ మొత్తాన్ని ఒక అంచు నుంచి మరో అంచుకు వరసగా చూసి, అనుమానం వచ్చినచోట 40 రెట్ల లెన్స్‌కు మారాలి. సెలైన్‌లో కదలిక తెలుస్తుంది: జియార్డియా రాలే ఆకులా ఊగుతూ జారుతుంది, అమీబా పారదర్శకమైన వేలు లాంటి పాదాన్ని ముందుకు చాచి అటువైపు ఒలికిపోతుంది. అయోడిన్‌లో కదలిక ఆగిపోతుంది గాని, సిస్ట్‌లోని కేంద్రకాలను లెక్కపెట్టవచ్చు. జిగట విరేచనాలు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికా సిస్ట్‌లో కేంద్రకాలు నాలుగుకు మించవు. హాని చేయని ఎంటమీబా కోలైలో ఎనిమిది దాకా ఉంటాయి. అయితే ఎంటమీబా డిస్పార్ అనే మరో హానిలేని జాతి సిస్ట్‌లు అచ్చం హిస్టోలిటికా సిస్ట్‌ల లాగే ఉంటాయి. ట్రోఫోజోయిట్ లోపల మింగిన ఎర్ర రక్తకణాలు కనిపిస్తే హిస్టోలిటికా అని గట్టిగా అనుమానించవచ్చు. లేకపోతే యాంటిజెన్ (పరాన్నజీవి ప్రోటీన్) పరీక్షో, దాని డీఎన్ఏను పట్టే పీసీఆరో చేయకుండా పేరు తేల్చకూడదు.

విరేచనాలు కలిగించే మరో పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం. మలంలో బయటికి వచ్చే దాని గట్టి గోడ రూపమైన ఊసిస్ట్ 4 నుంచి 6 మైక్రాన్‌లే ఉంటుంది, మామూలు స్లైడ్‌లో దాన్ని ఈస్ట్ అనుకుని దాటేస్తాము. దానికి మార్పుచేసిన యాసిడ్ ఫాస్ట్ రంజనం (రంగు వేయడం) చేయాలి. అప్పుడు పచ్చని లేదా నీలి నేపథ్యంలో అది ఎర్రగా కనిపిస్తుంది. ఈ పరీక్షను ప్రత్యేకంగా అడిగితే తప్ప చేయని ల్యాబ్‌లు ఎన్నో ఉన్నాయి కాబట్టి, విరేచనాలు రోజుల తరబడి తగ్గకపోతే దాన్ని పేరు పెట్టి అడగాలి.

జ్వరంలో మలేరియా కోసం రక్తాన్ని మందపు పూతగానూ, పలుచని పూతగానూ వేస్తాము. పలుచని పూతను మిథనాల్‌తో స్థిరపరచాలి, మందపు పూతను మాత్రం స్థిరపరచకూడదు. ఎర్ర కణాలు పగిలిపోతేనే పరాన్నజీవులు బయటపడతాయి. జీమ్సా రంజనానికి వాడే నీటి పీహెచ్ 7.2 ఉండాలి, అది తప్పితే కేంద్రకం ఎరుపు, కణద్రవ్యం నీలం విడిగా తెలియవు. మందపు పూతలో ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్‌తో కనీసం 100 క్షేత్రాలు (లెన్స్‌లో ఒక్కసారి కనిపించే మేర ఒక క్షేత్రం) చూడనిదే నెగటివ్ అనకూడదు. అనుమానం బలంగా ఉంటే 12 నుంచి 24 గంటలకు ఒకసారి చొప్పున మరో రెండుసార్లు పూత తీయాలి. 200 తెల్లకణాలు లెక్కపెట్టేలోపు 40 పరాన్నజీవులు కనిపించాయనుకుంటే, మైక్రోలీటరు రక్తానికి 8,000 తెల్లకణాలన్న అంచనాతో లెక్క మైక్రోలీటరుకు 1,600 పరాన్నజీవులు అవుతుంది. వేగంగా చేసే కార్డు పరీక్షలు ఉపయోగకరమైనవే, కానీ వాటిలో హెచ్‌ఆర్‌పీ2 యాంటిజెన్‌ను పట్టేవి చికిత్స పూర్తయి వారాలు గడిచినా పాజిటివ్ చూపవచ్చు. మలేరియా జాతి ఫాల్సిపారంలోని కొన్ని పరాన్నజీవులలో ఆ యాంటిజెన్‌ను తయారుచేసే జన్యువే లేనందున నెగటివ్‌గానూ చూపవచ్చు.

నీటి విషయంలో తేటదనాన్నీ, బ్యాక్టీరియా పరీక్షనూ చూసి నిశ్చింతగా ఉండకూడదు. నీటి పరీక్షలో వెతికే కోలిఫాం బ్యాక్టీరియా క్లోరిన్‌కు చస్తుంది గాని, క్రిప్టోస్పోరిడియం ఊసిస్ట్ సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న ఈతకొలనులో కూడా వారానికి పైగా బతకగలదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో కుళాయి నీటి ద్వారా సుమారు 4 లక్షల మంది దీని బారిన పడ్డారు. నీటిలో ఇవి చాలా పలుచగా ఉంటాయి కాబట్టి గ్లాసెడు నీటిని పరీక్షించి ప్రయోజనం లేదు. సాధారణంగా 10 లీటర్ల నీటిని వడపోసి, ఆ మడ్డిలోంచి యాంటీబాడీలు అంటించిన అయస్కాంత పూసలతో ఊసిస్ట్‌లను, జియార్డియా సిస్ట్‌లను లాగి, మెరిసే రంగుతో గుర్తుపట్టి లెక్కిస్తారు. అదే నీటి మరో నమూనాలో తెలిసిన సంఖ్యలో ఊసిస్ట్‌లను కలిపి, ఎన్ని తిరిగి దొరికాయో కూడా చూడాలి. వంద వేస్తే నలభై దొరికాయంటే, మీ ‘సున్నా’ ఎంతవరకు నమ్మదగినదో అప్పుడే తెలుస్తుంది.

కాంటాక్ట్ లెన్స్ వాడేవారి కంటికి ముప్పు తెచ్చే అకాంతమీబాను మాత్రం పెంచి చూడవచ్చు. పోషకాలు లేని అగార్ మీద ఈ.కోలై బ్యాక్టీరియాను పరచి, కంటిపొర నుంచి గీకిన నమూనానో లెన్స్ డబ్బాలోని నీటినో ఉంచి, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి రోజూ గమనిస్తే, అమీబాలు బ్యాక్టీరియాను తింటూ పోయిన బాటలు గీతలుగా కనిపిస్తాయి.

మట్టి, మురుగు నమూనాలలో పీసీఆర్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు చర్యను అడ్డుకుంటాయి కాబట్టి ప్రతి నమూనాలోనూ అంతర్గత కంట్రోల్, అంటే చర్య జరిగిందో లేదో చూపే తెలిసిన డీఎన్ఏ, ఉండాలి. దొరికిన డీఎన్ఏ చచ్చిన జీవిది కూడా కావచ్చు కాబట్టి, పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది సోకే స్థితిలో ఉందని రాయకూడదు.

నివేదికలో ఎన్ని నమూనాలు చూశారు, తీసిన ఎంతసేపటికి చూశారు, ఏ పద్ధతి వాడారు, ఎన్ని క్షేత్రాలు లేదా ఎన్ని లీటర్లు పరిశీలించారు అన్నది ఫలితం పక్కనే ఉండాలి. ఒక్క నమూనాయే అందితే ‘ఒకే నమూనా పరీక్షించబడింది, లక్షణాలు కొనసాగితే మరో రెండు పంపగలరు’ అని ఆ కింది వరసలోనే రాయండి.