రాకెట్ కూలితే ముందు మోటారును తిట్టకండి

కోత కోసిన కయ్యలో మేం సరదాకు ఎగరేసే చిన్న రాకెట్ ముక్కు గుచ్చుకుని నిలబడిన ప్రతిసారీ పిల్లలు మొదట అనే మాట ఒకటే: "మోటారు దెబ్బేసింది సార్." తవ్వి బయటికి తీస్తే మోటారు, అంటే రాకెట్‌ను పైకి తోసే మందు గొట్టం, చివరిదాకా చక్కగా మండి ఉంటుంది. దెబ్బేసింది ఏ బ్యాటరీ క్లిప్పో, రంగు కింద పూడిపోయిన చిల్లో అయి ఉంటుంది. శ్రీహరికోటలోనూ ఇలాంటిదే జరిగింది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహం మోసుకెళ్లే ఇస్రో మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది ఇంధనం చాలక కాదు, రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు మొరాయించి. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

నాది కావలి దగ్గర చిన్న లేత్ షాపు. ఇంజినీరింగ్ పిల్లలు అల్యూమినియం ముక్కలు తిప్పించుకోవడానికి వచ్చి నన్నూ ఇందులోకి దించారు. కింద రాసే లెక్కలన్నీ ఒకే రాకెట్‌వి: నాలుగంగుళాల గొట్టం, రెండు మీటర్ల పొడవు, మోటారుతో కలిపి 5 కిలోలు. మోటారు జె తరగతి. ఈ తరగతుల్లో ఒక్కో అక్షరం దాటినప్పుడల్లా మొత్తం ఇంపల్స్ (తోపును మండే సమయంతో గుణిస్తే వచ్చేది) హద్దు రెట్టింపవుతుంది, హెచ్ నుంచి పైవన్నీ హై పవర్ కింద లెక్క. జె అంటే 640 నుంచి 1280 న్యూటన్ సెకన్లు. మాది సుమారు 1000, అంటే సగటున 250 న్యూటన్ల తోపుతో 4 సెకన్లు మండుతుంది.

మందు ఇంట్లో కలపడం గురించి మాత్రం నన్ను అడగొద్దు. మోటారు ఫ్యాక్టరీలో తయారైనదే, లైసెన్సు ఉన్నవాళ్ల చేతుల మీదుగా వచ్చిందే అయ్యుండాలి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనలు ఉన్నాయి. బస్సు పార్సిల్లో తెప్పించుకునే సరుకు కాదు ఇది. పోలీసులకు, విమానాల కంట్రోల్ వాళ్లకు, పొలం ఆసామికి ముందే చెప్పి అనుమతి తీసుకోనిదే మేం రైలు (రాకెట్ జారుతూ పైకి లేచే గాడి ఉన్న నిలువు కమ్మీ) కూడా నిలబెట్టం.

బటన్ నొక్కాం, చప్పుడు లేదు

ముందు ఎవరూ పరిగెత్తకండి. బటన్ ఉన్న కంట్రోలర్ పెట్టె తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, 60 సెకన్లు ఆగండి. తాళంచెవి ఎవరి జేబులో ఉంటే వాళ్లే రాకెట్ దగ్గరికి వెళ్లాలి, ఒక్కరే.

చాలాసార్లు తప్పు వైరుది. మేం మొదట్లో 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వంద మీటర్లు పరిచాం. పోను వంద, రాను వంద. ఆ 200 మీటర్ల రాగికి నిరోధమే దాదాపు 4.6 ఓములు. మోటారును వెలిగించే ఇగ్నైటరుది ఓమున్నర. 12 వోల్టుల బ్యాటరీ పెట్టినా 2 ఆంపియర్లు కూడా నిండవు. కంట్రోలర్‌లో బల్బు వెలుగుతుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది, ఇగ్నైటరు మాత్రం గోరువెచ్చనై ఊరుకుంటుంది. వైరు 2.5కు మారిస్తే 4 ఆంపియర్లు దాటుతుంది. అంతకంటే మేలైన పని, బ్యాటరీని రిలేతో (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటును కలిపే స్విచ్) సహా రాకెట్ దగ్గరే పెట్టి, పొడుగు వైరులో రిలేను నొక్కే కరెంటు మాత్రం పంపడం.

వైరు బాగుంటే క్లిప్పులు చూడండి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి నెల తిరిగేసరికి వాటి పళ్లకు పచ్చగా చిలుము పడుతుంది. గరుకు కాగితంతో రెండు రుద్దులు చాలు. అదీ కాకపోతే ఇగ్నైటరు మోటారు లోపల పై కొస దాకా వెళ్లిందో లేదో చూడాలి. సగంలో ఆగితే మోటారు వెంటనే ఊపందుకోకుండా బుస్సు బుస్సుమంటుంది.

లేచింది, రైలు దాటగానే సముద్రం వైపు ఒరిగింది

రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది. మన దగ్గర ఎండ ఎక్కాక తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి అటే ఒరుగుతుంది. ఇందులో మోటారు తప్పేమీ లేదు, రైలు వదిలేటప్పుడు వేగం చాలలేదంతే. మా లెక్క చూడండి: 250 న్యూటన్ల తోపులో 49 రాకెట్ బరువుకే పోతుంది. మిగిలిన 201ని 5 కిలోలతో భాగిస్తే త్వరణం 40. రెండు మీటర్ల రైలు మీద వచ్చే వేగం సెకనుకు 12.7 మీటర్లు, మూడు మీటర్ల మీద 15.5. గాలి వేగానికి కనీసం నాలుగు రెట్లు ఉండాలన్నది మేం పాటించే లెక్క. గాలి సెకనుకు 5 మీటర్లుంటే 20 కావాలి. ఈ రెండిట్లో ఏ రైలూ సరిపోదు.

అందుకే తెల్లవారుజామునే పొలంలో ఉండాలి. పొద్దున ఏడింటికి తాటాకు కదలని గాలిలో మూడు మీటర్ల రైలు హాయిగా చాలుతుంది. పదకొండింటికి ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నారని ఆపి, ఆ తర్వాత ఎగరేసిన రోజులన్నీ మాకు చేదు రోజులే. ఇసుకలో పడుకోబెట్టిన రైలు అయితే గాడిలో రేణువులు లేకుండా తుడవండి. రైలు గాడిలో జారేలా రాకెట్‌కు బిగించిన గుండీలు రెండూ ఒకే గీత మీద లేకపోయినా రాకెట్ పట్టేస్తుంది.

గిరికీలు కొట్టింది

ఇది నిజంగా భయపడాల్సిన సమస్య. మోటారు మండుతూనే ఎటైనా రావచ్చు. కారణం దాదాపుగా బరువు కేంద్రమే. అది గాలి ఒత్తిడి కేంద్రానికి (రాకెట్ మీద పక్క గాలి తోపంతా ఒక్కచోట పడ్డట్టు లెక్కేసే చోటు) ముందు, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి. కంప్యూటర్‌లో ఓపెన్‌రాకెట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ చూపించిన అంకె కాగితం మీది అంకె. మాకు అక్కడ 1.6 వ్యాసాలు చూపింది. రెక్కలకు ఎపాక్సీ జిగురు ధారాళంగా పోసి, రంగు రెండు కోటింగులు వేసి, మోటారు పెట్టి తాడుతో వేలాడదీస్తే బరువు కేంద్రం 7 సెంటీమీటర్లు వెనక్కి జరిగి ఉంది. మిగిలింది 0.9.

పరిష్కారం చేపల వలలు అమ్మే కొట్లో దొరికింది. వలకు కట్టే సీసపు గుళ్లు పావుకిలో తెచ్చి, ముక్కులో బరువు కేంద్రానికి మీటరు ముందు పడేలా ఎపాక్సీతో పోశాం. 0.25ని 5.25తో భాగిస్తే కేంద్రం 4.8 సెంటీమీటర్లు ముందుకు వచ్చినట్టు. మళ్లీ 1.4 అయింది. తూచేటప్పుడు మోటారు, పారాచూట్, బ్యాటరీలు అన్నీ లోపల ఉండాలి. ఖాళీ రాకెట్‌ను తూచి సంబరపడితే లాభం లేదు.

గిరికీలకు ముందు బర్రుమని చప్పుడు వినపడితే మాత్రం అది రెక్కలు వణికి విరిగిన చప్పుడు. తలుపుల దుకాణంలో దొరికే నాసిరకం ప్లైవుడ్ వద్దు. రెక్కల వేరు గొట్టాన్ని దాటి లోపలి మోటారు గొట్టం దాకా వెళ్లి అతుక్కోవాలి. ఇంకోటి, మే నెల ఎండలో అరగంటలో గట్టిపడే ఎపాక్సీ అరగంట ఆగదు, గిన్నెలోనే పొగలు కక్కుతూ గడ్డకట్టేస్తుంది. కొంచెం కొంచెంగా, సాయంత్రం పూట కలుపుకోండి.

పైదాకా వెళ్లింది, పారాచూట్ విచ్చుకోలేదు

మా రాకెట్లు ఎక్కువ పోయింది ఇక్కడే. కూలినచోట ఏదీ కదపకముందే ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటే చూడండి.

గొట్టాన్ని విడదీసి పారాచూట్‌ను బయటికి తోసే కొద్దిపాటి మందు, అంటే ఎజెక్షన్ చార్జ్, పేలనే లేదా? అయితే ఆల్టిమీటర్ వైపు వెళ్లాలి. అది బయటి గాలి ఒత్తిడిని చూసి ఎత్తు లెక్కేస్తుంది, పై కొసన చార్జ్‌ను పేల్చేదీ అదే. ఆ గాలి లోపలికి రావడానికి గది చుట్టూ సమాన దూరంలో మూడో నాలుగో చిన్న చిల్లులుండాలి. ఒకసారి పిల్లలు ముచ్చటపడి రాకెట్‌ను నెల్లూరులో కార్లకు రంగులేసే షెడ్డులో ఇచ్చారు. అద్దంలా మెరిసిపోతూ వచ్చింది. చిల్లులు లేవు. నున్నగా లప్పం పెట్టి, పైన ఎర్ర రంగు కొట్టారు. సొట్టలనుకున్నారు పాపం. మేమూ ఆ మెరుపు చూసి మురిశామే గానీ వేలితో తడిమి చూడలేదు. రాకెట్ దాదాపు కిలోమీటరు ఎత్తుకు పోయినా లోపలి ఆల్టిమీటరు ఇంకా నేల మీదే ఉన్నాననుకుంది. ఇప్పుడు రైలు ఎక్కించే ముందు ఒకడు గుండుసూది తీసుకుని ప్రతి చిల్లులోనూ గుచ్చి, పైకి చెప్పి, టిక్ పెట్టాలి. చాదస్తం అనుకున్నా సరే.

చిల్లులు బాగుంటే బ్యాటరీ. తొమ్మిది వోల్టుల బ్యాటరీ నెత్తిన నొక్కే క్లిప్పు బల్ల మీద గట్టిగానే ఉంటుంది, రాకెట్ లేచే కుదుపుకు వదులవుతుంది. జిప్ టై వేసి, ఆల్టిమీటర్ పెట్టిన గదిని చేత్తో పట్టుకుని గిలక్కాయలా ఊపండి. బీప్ ఆగితే మళ్లీ మొదటికి రండి.

చార్జ్ పేలినా గొట్టం విడిపోలేదా? రెండు గొట్టాలను కలిపే లోపలి గొట్టం, అంటే కప్లర్, బిగుసుకుంది. అట్ట గొట్టం మన తేమకు ఉబ్బుతుంది. ఇంట్లో ఏసీ గదిలో వదులుగా దూరింది తెల్లవారి మంచులో దూరదు. గరుకు కాగితంతో రుద్ది, రాకెట్‌ను పైభాగం పట్టుకుని ఎత్తండి. కింది భాగం తనంతట జారకూడదు, నెమ్మదిగా ఊపితే జారాలి. అలా కుదిరాకే, చార్జ్ పేలితే తెగిపోయే సన్నటి నైలాన్ పిన్నులు పెట్టండి. అనుభవమున్న లైసెన్సుదారు దగ్గరుండి నేల మీదే చార్జ్ పరీక్ష చేయించనిదే ఎగరేయొద్దు.

విడిపోయి కూడా పారాచూట్ ముద్దగానే పడిందా? వారం ముందే మడిచి అటక మీద పెట్టి ఉంటారు. ఆ వేడికి నైలాన్ అంటుకుపోతుంది. లాంచ్ రోజు పొద్దునే మడవండి, ముఖానికి రాసుకునే పౌడరు దులపండి. గుడ్డకు నల్లటి చిల్లులుంటే వేడి గాలి తగిలినట్టు, మంటను తట్టుకునే నోమెక్స్ గుడ్డ చుట్టలేదన్నమాట.

బాగా విచ్చుకుంది, కానీ పక్క ఊరికి పోయింది

ఇదో సుఖమైన బాధ. 1000 మీటర్ల ఎత్తులోనే పెద్ద పారాచూట్ తెరిస్తే, సెకనుకు 5.5 మీటర్ల చొప్పున దిగడానికి మూడు నిమిషాలు. పైన గాలి 5 మీటర్లున్నా 900 మీటర్లు కొట్టుకుపోతుంది. ఒక ఆసామి మా రాకెట్‌ను గెనిమ మీద నుంచి తెచ్చిచ్చి, "ఏందబ్బయా, పైకి పంపేది మీరు, కాపలా కాసేది నేనా?" అన్నాడు.

పై కొసన చిన్న పారాచూట్ తెరవండి, 200 మీటర్ల దగ్గర పెద్దది. పైన 800 మీటర్లు సెకనుకు 22 చొప్పున, కింద 200 మెల్లగా దిగితే మొత్తం 72 సెకన్లు. కొట్టుకుపోయేది 360 మీటర్లే. పెద్ద పారాచూట్ కొలత కూడా చెప్తాను: మోటారు మండిపోయాక నాలుగున్నర కిలోలనుకుంటే, చదునైన గుండ్రటి గుడ్డకు అడ్డంగా 2 మీటర్లు కావాలి. మీటరున్నర చాలులే అని కుట్టించినవాళ్లు రెక్కలు రెండుసార్లు అతికించుకున్నారు.

రాకెట్ ముక్కలను పారాచూట్‌తో కలిపే తాడు గొట్టాన్ని నిలువునా చీల్చిందంటే ఇంకా వేగంగా పోతుండగానే పారాచూట్ తెరుచుకున్నట్టు. పారాచూట్ తెరిచే ఆలస్యం సమయం సరిచేసి, తాడు రాకెట్ పొడవుకు నాలుగైదు రెట్లు ఉంచితే సరి.

కింద మంట

కొయ్యకాలు ఎండిన కయ్య అగ్గిపెట్టెలాంటిది. రైలు కింద ఇనుప రేకు, చుట్టూ గడ్డి చెక్కేసిన నేల, రెండు బిందెల నీళ్లు, తడి గోనెసంచులు. వీటికి వేరే వివరణ అక్కర్లేదు.

రొయ్యల గుంటలో పడింది

గుంట యజమానిని అడగకుండా దిగొద్దు, ఏరేటర్లకు కరెంటు వైర్లుంటాయి. తీయగానే బ్యాటరీ విప్పి పక్కన పెట్టండి. ఆల్టిమీటరును మంచినీళ్లలో ముంచి కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాకే కరెంటివ్వండి. మాది అలా బతికింది.

మోటారు కేసును మాత్రం ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. మూడు రోజుల తర్వాత విప్పబోతే ఉప్పుకు మర పట్టేసింది, పాన పెట్టి ఇద్దరం తిప్పినా కదల్లేదు. చివరికి నేనే లేత్ మీద ఎక్కించి కోశాను. ఇన్నేళ్లలో మోటారుకు మేం చూసిన అసలైన సమస్య అదొక్కటే.