చిగుళ్ల జబ్బు, షుగరు, కన్ను: సమస్య - పరిష్కారం

సమస్య: మాత్రలు మానలేదు, అన్నం తగ్గించారు, అయినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) 8 నుంచి దిగి రావట్లేదు.

కారణం: నోరు చూసుకోండి. ఉమ్మిలో ఎర్రజీర, పోని దుర్వాసన, పెరుగుతున్న పళ్ల సందులు ఉంటే చిగురు కింద గార పేరుకుందన్నమాటే. అందులో ఉండే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా, వాటి విషాలు పుండుపడ్డ చిగుళ్ల గుండా రక్తంలో కలుస్తాయి. దాంతో ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ (వాపు) పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. పెరిగిన షుగరు మళ్లీ చిగుళ్లనే పాడుచేస్తుంది.

పరిష్కారం: విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, మీకు తెలిసిన డెంటిస్టు దగ్గరో పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు కొలిపించండి. 3 మి.మీ. దాకా ఫర్వాలేదు. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే పైపై క్లీనింగ్ చాలదు, పంటి వేళ్ల దాకా గార తీయాలి. ఆ రోజు టిఫిన్ తినే వెళ్లండి. ఇన్సులిన్ వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుంటే షుగరు 70 కిందికి పడిపోయి కళ్లు తిరుగుతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

క్లీనింగ్‌తో పళ్లు కదులుతాయని మనవైపు గట్టి నమ్మకం. నిజానికి పంటి చుట్టూ ఎముక అంతకుముందే అరిగిపోయి ఉంటుంది. పళ్లను పట్టి ఉంచిన గార పోయేసరికి కదలిక బయటపడుతుంది, అంతే.

క్లీనింగ్ తర్వాత 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మౌత్‌వాష్) 10 మి.లీ. పుక్కిలించమంటారు. పేస్టుతో తోముకున్నాక అరగంట ఆగి వాడండి, లేకపోతే మందు సరిగా పనిచేయదు. చెప్పిన రోజులు దాటి వాడితే పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతున్నట్టు అధ్యయనాల్లో తేలింది.

సమస్య: రక్తం రావట్లేదు, కానీ పళ్లు కదులుతున్నాయి.

కారణం: చుట్ట, సిగరెట్టు. నికోటిన్ రక్తనాళాలను బిగించి జబ్బును కప్పేస్తుంది. చికిత్స పైన చెప్పిందే, పొగ మానడం అదనం.

సమస్య: చూపు మసక, గీతలు వంకర, కళ్ల ముందు నల్లచుక్కలు.

కారణం: షుగరు వల్ల రెటీనా (కంటి వెనక పొర)లోని సన్నటి రక్తనాళాలు కారుతున్నాయి. చిగుళ్ల జబ్బు ముదిరినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తోంది. అయితే ఆ బ్యాక్టీరియానే కంటిని పాడుచేస్తోందని ఇంకా రుజువు కాలేదు. అందుకే పళ్లు శుభ్రం చేయించుకున్నాం కదా అని కంటి ఇంజెక్షన్, లేజర్ వాయిదా వేయకూడదు.

పరిష్కారం: తాడిగడప ఎల్వీ ప్రసాద్, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రులు, గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), ఏది దగ్గరైతే అక్కడ రెటీనా చూపించుకోండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలమందు వేస్తారు, నాలుగైదు గంటలు మసకే. బండి నడపొద్దు, మన ఎండకు నల్లకళ్లజోడు తప్పనిసరి. ఉన్నట్టుండి నల్లచుక్కలు గుంపుగా వచ్చినా, తెర దిగినట్టున్నా అదే రోజు వెళ్లాలి.

సమస్య: చూపు బాగానే ఉంది, పరీక్ష ఎందుకు?

కారణం: తొలిదశలో కంటికి ఏమీ తెలియదు. కళ్లద్దాల షాపులో అక్షరాలు చదివిస్తే రెటీనా జబ్బు బయటపడదు.

పరిష్కారం: టైప్ 2 షుగరు అని తేలిన వెంటనే ఒకసారి, ఆపైన ఏటా. ముందునుంచే షుగరున్న గర్భిణులు మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి.