ముందు ఎక్కడి నుంచో చూడండి: వంటింట్లో, ఇంట్లో, కారులో తరచూ వచ్చే తంటాలు

మొన్న మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "కుక్కర్ పెట్టి 20 నిమిషాలైంది, ఒక్క విజిల్ కూడా రాలేదే. కొత్తది కొనాలేమో" అంది. "ఆవిరి ఎక్కడి నుంచి పోతోందమ్మా?" అని అడిగాను. వెళ్లి చూసొచ్చి, "పిడి పక్కనుంచి బుస్సుమంటోంది" అంది. ఆ ఒక్క మాటతో సంగతి తెలిసిపోయింది. కుక్కర్ బాగానే ఉంది, రబ్బరు పాతబడింది.

ఇంటి చిట్కాలు మనందరికీ బోలెడు తెలుసు. ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనిచేయదంటే, ఆ ఇద్దరికీ వచ్చిన సమస్య పైకి ఒకేలా కనిపించినా లోపలి కారణం వేరని అర్థం. అందుకే చేయి పెట్టే ముందు ఆ ఆవిరి, ఆ నీళ్లు, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక్క నిమిషం చూడాలి.

కుక్కర్ విజిల్ రాకపోతే

మూత అంచు చుట్టూ ఆవిరి పోతుంటే కారణం గాస్కెట్. వేడికి రబ్బరు రానురాను సాగి వదులవుతుంది, లేదా గట్టిపడి పగుళ్లిస్తుంది. దాన్ని తీసి రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయడమే. పగుళ్లు లేకుండా వదులైనది మాత్రమే అయితే 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి బిగించండి. చల్లదనానికి రబ్బరు కాస్త కుంచించుకుని ఆ పూటకి పని గడిచిపోతుంది. ఇది ఆ పూట వరకే. మర్నాడు మీ కుక్కర్ కంపెనీ, సైజు చెప్పి కొత్తది తెచ్చుకోండి. రోజూ వాడే కుక్కర్‌కి ఏడాదికోసారి రబ్బరు మార్చడం మంచి అలవాటు. రబ్బరు కొత్తదే అయినా ఆవిరి పోతుంటే మూత అంచున వేలితో తడిమి చూడండి. ఎప్పుడో కింద పడి నొక్కు పడి ఉంటుంది.

పక్కనుంచి ఆవిరి రావడం లేదు, వెయిట్ కూడా కదలడం లేదు అంటే జాగ్రత్త పడాల్సిన సంగతి. వెయిట్ కూర్చునే గొట్టంలో పప్పు తొక్కో, బియ్యపు గింజో అడ్డుపడి ఉండొచ్చు. వెంటనే పొయ్యి కట్టేయండి. కుక్కర్ పూర్తిగా చల్లారాక మూత తీసి, ఆ గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి లోపలి నుంచి చూడండి. అవతలి వెలుతురు చుక్కలా కనిపించాలి. కనిపించకపోతే పిన్నీసుతో పొడిచి కొళాయి కింద కడగండి. మా ఇంట్లో కుక్కర్ పెట్టే ముందు ఆ వెలుతురు చుక్క చూడడం నియమం. రెండు సెకన్లు కూడా పట్టదు.

సేఫ్టీ వాల్వ్ నుంచి ఆవిరి తన్నుకొస్తే రెండు కారణాలు. ఒకటి, ఇప్పుడు చెప్పినట్టు గొట్టం మూసుకుపోవడం. రెండోది, నీళ్లు పోయడం మరిచిపోయి లోపల మాడడం. వాల్వ్ ఒకసారి కరిగి తెరుచుకుందంటే దాని పని అది చేసినట్టే. దాన్ని ఎంసీల్‌తోనో మరోదానితోనో మూసేయకండి. అసలుది కొని పెట్టించండి.

ఇక విజిల్‌తో పాటు పసుపు నీళ్లు స్టవ్వంతా చిందడం. ఇది కందిపప్పు పెట్టినప్పుడే ఎక్కువ, ఎందుకంటే ఉడికేటప్పుడు పప్పు నురుగు కడుతుంది. పప్పు, నీళ్లు కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు. అర చెంచా నూనె వేస్తే నురుగు అణుగుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించాలి. ఈ మూడూ చేశాక కూడా చిందుతుంటే పప్పును గిన్నెలో పెట్టి కుక్కర్‌లో దించండి.

దోసెల పిండి పొంగకపోతే, మరీ పులిసిపోతే

డిసెంబరు, జనవరిలో హైదరాబాద్‌లో రాత్రిళ్లు చలికి పిండి పొద్దునకి రుబ్బినప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది. పిండిని పొంగించే సూక్ష్మజీవులకి 30 డిగ్రీల దగ్గర వెచ్చదనం కావాలి. గట్టు మీద చల్లటి గ్రానైట్ బండపై గిన్నె పెడితే ఆ చలి అడుగు నుంచి కూడా ఎక్కుతుంది. నేను చేసేది చెప్తాను. పెద్ద గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, అందులో పిండి గిన్నె దించి, పైన పాత దుప్పటి కప్పుతాను. అమెరికాలో ఉండే మనవాళ్లు ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం ఒక్కటే వెలిగించి అందులో పెడతారు. ఆ దీపం వేడి చాలు.

చలి లేకపోయినా పొంగకపోతే పప్పు మీద అనుమానపడండి. మినప్పప్పు పాతదైతే ఎంత నానబెట్టినా జిగురు రాదు. ఐదారుసార్లు రుద్ది కడిగినా పొంగించే జీవులు చాలావరకు కొట్టుకుపోతాయి. నానబెట్టే ముందే కడిగేసుకుని, నానిన నీళ్లనే రుబ్బడానికి వాడండి. ఒక చెంచా మెంతులు కలిపి నానబెడితే పిండి మెత్తగా వస్తుంది. చివర్లో చేత్తోనే కలపండి.

ఎండాకాలంలో బాధ దీనికి తలకిందులు. విజయవాడ ఎండల్లో పిండి ఐదారు గంటల్లోనే పుల్లబడిపోతుంది. దానికి తోడు మిక్సీ తిరిగే వేడికి జార్‌లోనే పిండి వేడెక్కుతుంది. రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పోయండి, కాస్త పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అప్పటికే పుల్లబడిన పిండిని పారబోయనక్కర్లేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బియ్యప్పిండి కలిపి ఊతప్పం వేస్తే పులుపు రుచిలో కలిసిపోతుంది.

గిన్నె అడుగు నల్లబడుతుంటే

మంట రంగు చూడండి. గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులో లేచి ఊగుతోందంటే గ్యాస్‌కి తగినంత గాలి అందడం లేదు, సగం కాలి మసి అవుతోంది. గిన్నె నల్లబడడమే కాదు, గ్యాస్ కూడా దండగ. పాలు పొంగి, పులుసు ఒలికి బర్నర్ చిల్లులు మూసుకుపోవడమే చాలా ఇళ్లలో కారణం. బర్నర్ చల్లారాక తీసి, వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, ఒక్కో చిల్లూ గుండుసూదితో పొడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. తడితో పెడితే మంట మళ్లీ పసుపుగానే వస్తుంది. శుభ్రం చేశాక కూడా మారకపోతే మెకానిక్‌ని పిలవాలి.

మంట సంగతి అలా ఉంచి, గ్యాస్ వాసన వస్తే మాత్రం అగ్గిపుల్ల, లైటర్ జోలికి వెళ్లకండి. స్విచ్ వేయకండి, వెలుగుతున్న లైటుని ఆర్పకండి కూడా. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది కాబట్టి తలుపు బార్లా తీయడం ముఖ్యం. బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ మార్చినప్పుడల్లా రెగ్యులేటర్ చుట్టూ, పైపు మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పైపు మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది. నారింజ రంగు సురక్షా పైపుని 5 ఏళ్లకి మార్చాలి.

చిటికెలో తేలేవి

మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఠక్కున ఆగిపోయి, కరెంటు ఉన్నా ఉలకదు. మోటార్ కాలిపోయిందనుకుని షాపుకి పట్టుకెళ్తారు. చాలా మిక్సీల అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైనప్పుడు మోటార్‌ని కాపాడడానికి అదే ఆపేస్తుంది. ప్లగ్ తీసి, జార్‌లో సగం తీసేసి, 10 నిమిషాలు ఆగి ఆ బటన్ నొక్కండి.

స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే నేలకేసి కొట్టకండి. పై గ్లాసులో ఐసు నీళ్లు పోసి, కింది గ్లాసుని వేడి నీళ్లలో నిలబెట్టండి. లోపలిది కుంచించుకుంటుంది, బయటిది సాగుతుంది. అర నిమిషంలో తిప్పితే వచ్చేస్తుంది.

కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేయమంటారు. దుంప ఉప్పుని ఏరి పీల్చుకోదు, ఉప్పు నీళ్లని పీల్చుకుంటుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్లో, ఉడికిన పప్పో, టమాటానో, కొబ్బరి పాలో పోసి కూర పెంచడమే దారి.

బియ్యంలో పురుగు

చాటలో వేసి చెరిగితే పురుగులు పోతాయి, రెండు వారాలకి మళ్లీ కనిపిస్తాయి. డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని ఇంట్లో ఒకరినొకరు అనుకుంటారు. ముక్కు పురుగు గింజకి చిల్లు పెట్టి లోపలే గుడ్డు పెడుతుంది. చెరిగినప్పుడు పోయేది పైన తిరిగే పురుగు మాత్రమే, గింజలోని గుడ్డు అలాగే ఉంటుంది. వేపాకు, బిర్యానీ ఆకు కొత్త పురుగుని కొంత దూరంగా ఉంచుతాయేమో కానీ లోపలున్న గుడ్డుని ఏమీ చేయవు. కొద్ది బియ్యమైతే కవర్లో కట్టి 4 రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. బస్తా అయితే నీడలో పలచగా ఆరబోయండి, పురుగులు వాటంతట అవే పాకి పోతాయి. ఎర్రటి ఎండలో పోస్తే గింజ విరిగి అన్నం ముద్దవుతుంది. డబ్బా ఖాళీ అయినప్పుడు కడిగి, ఎండబెట్టి, ఆ తర్వాతే కొత్త బియ్యం పోయండి. పాత నూకలో మిగిలిన ఒక్క పురుగు చాలు. కందిపప్పుకి ఆముదం పట్టించే మన పాత పద్ధతి మాత్రం నిజంగా పనిచేస్తుంది.

ఫ్రిజ్‌లో నీళ్లు, కొళాయికి ధార

కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తుంటే గ్యాస్ అయిపోయిందని భయపడకండి. ఫ్రిజ్ లోపల వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. కరిగిన నీరు దాంట్లోంచి వెనకున్న ట్రేలోకి పోయి ఆరిపోవాలి. మా ఫ్రిజ్‌లో ఆ రంధ్రానికి అడ్డం పడింది ఒక్క కరివేపాకు రెబ్బ. ప్లగ్ తీసి, ఇయర్ బడ్‌తో దాన్ని లాగేసి, సిరంజీతో గోరువెచ్చటి నీళ్లు కొట్టాను. వెనక టపటపా నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. ఆ రోజు నుంచి ట్రే పొడిగానే ఉంది.

బోరు నీళ్లున్న ఇళ్లలో కొళాయి ధార సన్నబడుతుంది. ఇంట్లో అన్ని కొళాయిలూ అలాగే ఉంటే ట్యాంకు, మెయిన్ వాల్వ్ చూడాలి. ఒక్కటే అలా ఉంటే దాని మూతి దగ్గరి జల్లెడలో సున్నం పేరుకుంది. దాన్ని తిప్పి ఊడదీసి రాత్రంతా వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ వేసి, పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ని, బ్లీచింగ్ పౌడర్‌ని మాత్రం ఎప్పుడూ కలపొద్దు. వచ్చేది క్లోరిన్ వాయువు, ఊపిరాడకుండా చేస్తుంది.

కారు: వానలో అద్దం మసకబారితే

జూలైలో విజయవాడ వెళ్తున్నాం. నార్కట్‌పల్లి దాటాక వాన. ముందు అద్దం తెల్లగా మసకబారింది. బాబాయ్ ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని లోపల తుడుస్తున్నాడు, మసక పోవడం లేదు. వెనక సీట్లో మా అందరికీ టెన్షన్. "బాబాయ్, పక్కకి ఆపి ఒక్కసారి అద్దం మీద వేలితో గీసి చూడు" అన్నాను. లోపల గీత పడలేదు. మసక బయటి వైపు ఉంది.

ఈ రెండింటికీ చేయాల్సింది పూర్తిగా వ్యతిరేకం. లోపలి వైపు మసకైతే మన ఊపిరి, తడి బట్టల్లోని తేమ చల్లటి అద్దం మీద చేరుతోందని. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, లోపలి గాలే తిరిగే బటన్ తీసేసి బయటి గాలి రానివ్వాలి. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది, చలిగా ఉంటే ఉష్ణోగ్రత పెంచుకున్నా ఫర్వాలేదు. బయటి వైపు మసకైతే ఏసీయే అద్దాన్ని మరీ చల్లబరిచింది. ఏసీ తగ్గించి, గాలిని అద్దం మీద నుంచి మళ్లించి, వైపర్ వేయాలి. బాబాయ్ అలా చేసిన కాసేపటికే రోడ్డు స్పష్టంగా కనిపించింది.

ఏసీ వేసినప్పుడు కారు కింద నీళ్లు కారడం మామూలే. ఆ నీళ్లు బయట పడకుండా ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంటే పైపు మూసుకుపోయింది, మెకానిక్‌కి చూపించండి. కారిన నీళ్లు ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జిడ్డుగా ఉంటే అది కూలెంట్, బండి నడపొద్దు. ఇంజిన్ వేడెక్కి ముల్లు ఎరుపులోకి వెళ్తే ఏసీ ఆపి, పక్కకి తీసి, ఇంజిన్ ఆపేయండి. చల్లారకముందు రేడియేటర్ మూత తీస్తే మరుగుతున్న నీళ్లు మొహాన చిమ్ముతాయి.

సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోతే

చప్పుడు వినండి. గబగబా టకటకమంటూ డాష్‌బోర్డ్ లైట్లు వాడిపోతుంటే బ్యాటరీ దిగిపోయింది. ఇంజిన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీ తప్పు కాదు, ఇంధనం వైపు చూడాలి. లైట్లు బాగా వెలుగుతూ ఒకే ఒక్క టక్ వినిపిస్తే కనెక్షనో, స్టార్టర్ మోటారో.

బానెట్ ఎత్తి టర్మినల్స్ చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే ముందు మైనస్, తర్వాత ప్లస్ ఊడదీసి, వేడి నీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో రుద్దండి. ఆరాక ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి కాస్త వ్యాజలిన్ రాయండి. చాలాసార్లు ఇంతటితో బండి లేస్తుంది.

లేవకపోతే పక్క కారు నుంచి జంపర్ కేబుల్ వేయాలి. ఎర్ర తీగ ఒక కొస దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం ఆగిన కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడకూడదనే ఈ జాగ్రత్త. మంచి కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ఆగిన కారు సెల్ఫ్ కొట్టండి. లేవగానే వేసిన వరుసకి వెనక నుంచి తీగలు తీసేసి, ఇంజిన్ ఆపకుండా కనీసం అరగంట నడపండి.