అద్దాల పని నేర్చుకుందాం – 3వ పాఠం: బండిలో నీళ్ల ట్యాంకు బిగించడం

ఇది బండిలో ఊరూరా తిరుగుతూ షోరూంల అద్దాలు కడిగే పని. పోయిన పాఠంలో నీళ్ల సంగతి చూశాం. బోరు నీళ్లతో షోరూం అద్దం కడిగితే ఆరాక తెల్ల చారలు ఎందుకు పడతాయో, పొదిలి వైపు పని ఒప్పుకున్నా, గూడూరు వైపు ఒప్పుకున్నా శుద్ధి చేసిన నీళ్లు మన వెంటే ఎందుకు ఉండాలో తెలిసింది. ఆ నీళ్లని బండిలో ఎలా పెట్టుకోవాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. ఈ పనిలో మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేవాటిలో రెండు: ఎత్తు మీద నిలబడటం, ఈ ట్యాంకు. అందుకే ఇది కాస్త నిదానంగా చదవండి.

నేను మొదట్లో మూడు వందల లీటర్ల సింటెక్స్ ట్యాంకుని వ్యాన్‌లో పెట్టి, రెండు నైలాన్ తాళ్లతో పక్క కొక్కేలకి కట్టేవాణ్ణి. ఆ కొక్కేలని షాపువాళ్లు ప్లైవుడ్‌కి మామూలు స్క్రూలతో బిగించారు. నాకు అనుమానం వచ్చింది. పక్కనున్న కుర్రాడు, "ఇంత బరువు ఏడికి పోతాదన్నా" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఒకరోజు కావలిలో పని ముగించుకుని నెల్లూరు వస్తుంటే హైవే మీదకి గేదె వచ్చింది. బ్రేకు కొట్టాను. స్క్రూలు ప్లైవుడ్‌ని చీల్చుకుని ఊడొచ్చాయి. ట్యాంకు వచ్చి ఆ కుర్రాడి సీటుని వెనక నుంచి గుద్దింది. రెండు నెలలు అతను కుడి చెయ్యి పైకెత్తలేకపోయాడు. ఆరోజు ట్యాంకులో నీళ్లు సగమే ఉన్నాయి. నిండుగా ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

బరువున్నది కదలదనేది ఇంట్లో నిజమే. బీరువాని ఒక్కరం జరపలేం. కానీ బండిలో ట్యాంకుని ఎవరూ తోయడం లేదు, దాని కిందున్న బండి ఆగిపోతోంది. ట్యాంకు మాత్రం అంతకుముందున్న వేగంతోనే ముందుకి పోవాలని చూస్తుంది. బరువు రెట్టింపైతే నేలని పట్టుకునే పట్టూ రెట్టింపవుతుంది, ముందుకి పోయే తోపూ రెట్టింపవుతుంది. అంటే యాభై లీటర్ల డబ్బా ఏ బ్రేకుకి జారుతుందో, అలాంటి అడుగుభాగమే ఉన్న ఐదు వందల లీటర్ల ట్యాంకూ ఆ బ్రేకుకే జారుతుంది. పైగా మన బండిలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

లెక్క చూద్దాం. లీటరు నీళ్లు ఒక కిలో. మూడు వందల లీటర్లంటే మూడు వందల కిలోలు, ట్యాంకు బరువు అదనం. గట్టిగా బ్రేకు కొడితే అందులో సుమారు డెబ్బై శాతం, అంటే 210 కిలోల తోపు ముందుకి పడుతుంది. గుద్దుకుంటే లెక్క వేరే. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నైనా గుద్ది అర మీటరు దూరంలో ఆగిపోతే, ట్యాంకు తన బరువుకి దాదాపు ఇరవై రెట్లు తోస్తుంది. ఆరు టన్నులు! ఇంకోలా చెప్పాలంటే, ఆ వేగంలో ట్యాంకుకుండే దెబ్బ, దాన్ని పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడేస్తే తగిలే దెబ్బతో సమానం. అది మన సీటు వీపుకి తగులుతుంది.

కాబట్టి ట్యాంకు కొనే ముందు ఆర్‌సీ తీసి చూడండి. అందులో ఖాళీ బండి బరువు, లోడుతో ఉండదగ్గ మొత్తం బరువు రెండూ ఉంటాయి. వాటి తేడా 600 కిలోలు అనుకోండి. ఇద్దరు మనుషులు 140, నిచ్చెన, పంపు, బ్యాటరీ, ఫిల్టర్లు కలిపి 80, ట్యాంకు, ఫ్రేము 50. మిగిలేది 330. అంటే మీ బండికి 300 లీటర్ల ట్యాంకు చాలు. బండిలో చోటుంది కదా అని 500 లీటర్లది పెడితే ఎంత బాగా బిగించినా బ్రేకులు సరిగ్గా ఆపలేవు. ఈ కూడికలు తీసివేతలు మీ బండి ఆర్‌సీతో మీరే కాగితం మీద చెయ్యండి. నా అంకెలు వాడకండి.

ఇక ట్యాంకు ఆకారం. మేడ మీద పెట్టే నిలువు గుండ్రటి ట్యాంకు ఒకచోట కదలకుండా నిలబడటానికి చేసింది. దానికి బెల్టు వేస్తే జారుతుంది. మన ఎండలకి ప్లాస్టిక్ మెత్తబడితే పొద్దున బిగించిన బెల్టు మధ్యాహ్నానికి వదులవుతుంది. అటక మీద పెట్టే లాఫ్ట్ ట్యాంకులాగా పొట్టిగా, అడుగుభాగం వెడల్పుగా ఉండేది తీసుకోండి. బరువు ఎంత కిందుంటే బండి మలుపులో అంత నిలకడగా ఉంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో పెట్టండి. వెనక చక్రాల వెనక పెడితే ముందు భాగం తేలికై స్టీరింగ్ చేతిలో తేలినట్టుంటుంది.

నిండు కుండ తొణకదంటారు. మన పనిలో దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలి. నిండు ట్యాంకు బరువే తప్ప ఊగదు. సగం ట్యాంకు ఊగుతుంది. బ్రేకు కొట్టినప్పుడు నీళ్లన్నీ ముందుకొచ్చి గోడని కొడతాయి, బండి ఆగాక వెనక్కి పోయి మళ్లీ ముందుకొస్తాయి. మలుపులో ఒక పక్కకి చేరి బండిని అటే లాగుతాయి. అందుకే ఒక్క పెద్ద ట్యాంకు బదులు 150 లీటర్లవి రెండు, ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకే రెండోదానికి పైపు మార్చండి. అప్పుడు ఎప్పుడైనా ఊగేది ఒక్కటే.

ఇప్పుడు బిగించడం. ట్యాంకు చుట్టూ, పైన కూడా అడ్డం వచ్చేలా 40 ఎంఎం ఎల్ యాంగిల్‌తో (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీతో) పంజరంలాంటి ఫ్రేము చేయించండి. ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్య రబ్బరు షీటు పెట్టండి. లేకపోతే ఇనుము రాసుకుని ట్యాంకు కోసుకుపోతుంది. ఫ్రేము కాళ్లని 12 ఎంఎం బోల్టులతో నేలకి బిగించాలి. బోల్టు తల మీద 8.8 అని ఉండాలి, అది బోల్టు గట్టితనానికి గుర్తు. అలాంటి బోల్టు ఒక్కటి నిలువు లాగుడుకి ఆరు టన్నుల పైనే ఆగుతుంది. అలాగని ఒక్కటి చాలనుకోకండి. తెగేది బోల్టు కాదు, దాని కిందున్న రేకు. వ్యాను నేల రేకు చాలా పలచన. పెద్ద తోపు పడితే బోల్టు, వాషరు రెండూ రేకులోంచి దూరి పైకొస్తాయి. నా ప్లైవుడ్ స్క్రూలకి జరిగిందే దీనికీ జరుగుతుంది.

అందుకని రేకు కింద, ప్రతి బోల్టుకీ, కనీసం నాలుగంగుళాల చదరం, 6 ఎంఎం మందం ఉన్న ఇనుప ప్లేటు వెయ్యాలి. ప్లేటు అంచులు గ్రైండింగ్ చేసి నున్నగా గుండ్రంగా ఉండాలి, పదునుగా ఉంటే అదే రేకుని కోస్తుంది. కనీసం ఆరు బోల్టులు. నట్లు నైలాక్‌వి, అదురుకి వదులు కానివి. వెల్డింగ్ షాపులో ప్లేట్లు దండగ, పెద్ద వాషరు చాలంటారు. ఒప్పుకోకండి. ఈ పనిలో నేను మొండికేసేది ఈ ఒక్క విషయంలోనే.

రంధ్రం వేసే ముందు బండి కింద పడుకుని చూడండి. పెట్రోలు ట్యాంకు, దాని పైపు, బ్రేకు గొట్టాలు, వైర్లు, గ్యాసు బండి అయితే సిలిండరు ఎక్కడున్నాయో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ఛాసిస్ కమ్మీకి రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ అసలే వద్దు. వేసిన ప్రతి రంధ్రం అంచుకీ రెడ్ ఆక్సైడ్ పూసి, బోల్టు చుట్టూ సిలికాన్ పట్టించండి. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు తిరిగే బండికి ఉప్పుగాలితో తుప్పు తొందరగా వస్తుంది. తుప్పు పట్టిన రేకు మీద ఎంత మంచి ప్లేటు వేసినా లాభం లేదు. సీట్లు తీసేసి ప్యాసింజర్ బండిని సరుకు బండిగా మార్చాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకీ, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) వాడొచ్చు, కానీ ఫ్రేముకి తోడుగానే. బెల్టు లేబుల్ మీద రెండు అంకెలుంటే చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. పెద్దది తెగిపోయే బరువు. ఎండకి వెలిసిన బెల్టుని, అంచు పీచులేచిన బెల్టుని దాచుకోకుండా పారెయ్యండి.

బ్రిటన్‌లో ఇదే పని చేసేవాళ్ల కోసం క్రాష్ టెస్ట్ చేసిన ఫ్రేములు అమ్ముతారు. మనం వెల్డింగ్ షాపులో చేయించినదానికి ఆ పరీక్ష లేదు. అందువల్ల ట్యాంకుకీ సీట్లకీ మధ్య గట్టి ఇనుప అడ్డం తప్పకుండా ఉండాలి, ఆ అడ్డానికి ట్యాంకు ఉన్న వైపు ఎవరూ కూర్చోకూడదు.

మూతకి ప్యాకింగ్ రబ్బరు వేసి బిగించండి. గాలి వచ్చి పోవడానికి సన్నటి పైపు ఒకటి నేల కిందకి వదలండి. అది లేకపోతే పంపు లాగినప్పుడు ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది.

అభ్యాసం: ప్రతి నట్టు మీద నుంచి ఫ్రేము మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఫ్రేము కాళ్ల చుట్టూ నేల మీద మరో గీత. ట్యాంకు నింపి, ఎవరూ లేని ఖాళీ మైదానంలో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోయి గట్టిగా బ్రేకు కొట్టండి. దిగి గీతలు చూడండి. తర్వాత ఒంగోలు దాకా ఒకసారి వెళ్లొచ్చి మళ్లీ చూడండి. గీత జరిగిన నట్టుని బిగించి వదిలెయ్యకండి, విప్పి ఎందుకు వదులైందో కనుక్కోండి. మీ ఆర్‌సీ లెక్క, గీతలు కలిసి కనిపించే ఫోటో దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో పంపు, బ్యాటరీ బిగించేటప్పుడు ఆ రెండూ ముందుంచుకుని మొదలుపెడదాం.