స్టెరాయిడ్ ట్యూబుల్ని పోల్చి చూడటం ఎలా?

చర్మం మీది దురదకీ ఎరుపుకీ రాసే స్టెరాయిడ్ ట్యూబులు ఇంట్లో ఉన్నవన్నీ అట్టపెట్టెలతో సహా తీసుకుని వెలుతురులో కూర్చోండి.

పెద్ద అక్షరాల బ్రాండు పేరు వదిలేసి, కింద సన్నగా ఉన్న మందు పేరు చదవండి. హైడ్రోకార్టిసోన్ తేలికపాటిది. మొమెటాసోన్, బీటామెథాసోన్ వాలరేట్ ఘాటువి. క్లోబెటసాల్ వాటిని మించింది. శాతం చూసి మోసపోకండి: 0.05 శాతం క్లోబెటసాల్ ముందు 1 శాతం హైడ్రోకార్టిసోన్ ఏ మూలకీ రాదు.

పొడిబారి పగిలిన చోటికి ఆయింట్‌మెంటే కొనాలి, క్రీము కాదు. జిడ్డని పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి. రసి కారే చోటికి క్రీము, తలకి లోషను. ముఖం, చంకలు, గజ్జల్లో చర్మం పల్చన, ఘాటు మందులు అక్కడికి వద్దు.

ఇక అందరూ తప్పేది ఇక్కడే. ఆ దురద తామర, అంటే చర్మానికి పట్టే ఫంగస్, కాదని తేల్చుకోకుండా మూత తీయకండి. పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటరు వెనక ఏళ్ళుగా నిలబడుతున్నాను. వానలు మొదలైతే చాలు, అటు పాతపట్నం నుంచీ ఇటు కొండ ఊళ్ళ నుంచీ ఒకటే మాట: "మొన్నటి ట్యూబే ఇవ్వు బాబూ, రాయగానే దురద పోయింది." పోతుంది మరి! స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ అణిచేస్తుంది, కింద ఫంగస్ హాయిగా పాకుతుంది. మానేస్తే రెట్టింపై తిరిగొస్తుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి పొట్టు రాలుతూ, నడుమ తేటపడుతుంటే తామర అనుకోండి. కానీ ఇప్పటికే స్టెరాయిడ్ రాసి ఉంటే ఆ అంచే చెదిరిపోతుంది, డాక్టరు కూడా పొట్టు గీకి మైక్రోస్కోపులో చూడాల్సి వస్తుంది.

మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు మరీ ప్రమాదం. ఫంగస్ మందు ఉంది కదా అని మా బావమరిది ఒకటి వాడాడు, అందులో క్లోబెటసాల్ కూడా ఉందని చూడలేదు. గజ్జల్లో చారలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. చీటీ అడిగితే నాతో పోట్లాడేవాళ్ళే ఎక్కువ.

డాక్టరు రాసిచ్చాక కొలత సులువే. చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకి, వేళ్ళతో సహా, అది సరిపోతుంది. కొబ్బరినూనె రాసేవాళ్ళు అరగంట ఎడం ఇవ్వండి. క్లోబెటసాల్ రెండు వారాలు దాటనివ్వకండి. నెలల తరబడి రాస్తున్నవాళ్ళు మాత్రం ఉన్నపళంగా ఆపొద్దు, ఎలా తగ్గించాలో డాక్టర్నే అడగండి.